ఏం మానేశారు స్వామీ?

2023 కార్తీక మాసం. రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి, అందులో నేను పనిచేసే సీసీయూ. గుండెకు ఇబ్బంది వచ్చినవాళ్ళను ఏమరుపాటు లేకుండా కనిపెట్టి ఉండే గది అది. ప్రతి మంచం పక్కనా ఒక మానిటరు, దాని మీద పరుగెత్తే ఆకుపచ్చ గీత. ఆ గీతల్ని చూస్తూనే నా సర్వీసులో సగం గడిచిపోయింది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోను గానీ, గీత కాస్త వంకర పోతే నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటానని మా ఆయన వెక్కిరిస్తూ ఉంటారు.

కార్తీకం వచ్చిందంటే మా కారిడార్ల నిండా నల్ల బట్టలే. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమే అయినా, ఏటేటా చూసి చూసి అయ్యప్ప దీక్ష నియమాలన్నీ నాకు వంటబట్టాయి. మాలలో ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు. పసివాడైనా పండు ముసలి అయినా స్వామే. వాళ్ళకు ఆడవాళ్ళందరూ మాతలే. అందుకని ఆ సీజనులో నా హోదా పెరిగి నేను ‘సిస్టర్ మాత’నవుతాను. మిగతా ఏడాదంతా “ఇదిగో సిస్టర్” అని కేకేసేవాళ్ళు కూడా ఆ రోజుల్లో చేతులు జోడించి మాట్లాడతారు. నాకు బాగానే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, వీర్రాజు స్వామిని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. డెబ్భై దాటిన మనిషి. కడియం నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టడం ఆయన పని. గొంతుక్కూర్చుని చేసే ఆ పనిలో మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. ఊళ్ళో ఆయన గురుస్వామి. అంటే కొత్తగా దీక్ష పట్టేవాళ్ళకు మాల వేసి, నియమాలు చెప్పి, కొండకు తీసుకెళ్ళి తీసుకొచ్చే పెద్ద. వెంట భార్య మంగాయమ్మ గారు, ఇద్దరు శిష్యస్వాములు వచ్చారు. పూజలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారని, గుండె అదురుతోందంటున్నారని శిష్యులు చెప్పారు.

ఈసీజీ తీయడానికి వెళ్తే ఆయన రెండు చేతులతో మెడలోని మాలను గట్టిగా పట్టుకున్నారు.

“మాల తియ్యాలాండి?”

“అక్కర్లేదు స్వామీ. పక్కకి జరిపి మీరే పట్టుకోండి. నేను కింద అంటించుకుంటాను.”

“ఆయ్. అయితే కానియ్యండి మాతా.”

మంచం మీద పడుకోవడానికి మాత్రం ఓ పట్టాన ఒప్పుకోలేదు. దీక్షలో నేల మీద చాపే. నేల మీద పడుకుంటే వైర్లు అందవని నేను, అందకపోతే సాగదీయమని ఆయన. చివరికి ఇంటి నుంచి తెచ్చిన నల్ల కండువా పరుపు మీద పరిస్తే దాని మీద పడుకున్నారు.

ఈసీజీ చూడగానే రెండు సంగతులు కనిపించాయి. గుండెలో పై గదులు రెండు, కింది గదులు రెండు ఉంటాయి. పై గదులు తాళం తప్పి వణుకుతూ ఉంటే, కింది గదులు ఏ లెక్కా లేకుండా పరుగెడతాయి. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. పెద్దవాళ్ళలో మేం తరచూ చూసేదే. రెండో సంగతి నాకు నచ్చలేదు. ఒకసారి కొట్టుకున్నాక గుండె మళ్ళీ సర్దుకోవడానికి కొంత వ్యవధి కావాలి. కాగితం మీద ఆ వ్యవధికి క్యూటీ అని పేరు. ఈయనకు అది బాగా సాగి ఉంది. అలా సాగినప్పుడు గుండె ఉన్నట్టుండి ప్రమాదకరమైన దారిలో పడిపోవచ్చు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువ ఉందని తేలింది. కొద్ది రోజులుగా విరేచనాలు, వాంతులు అవుతున్నాయట. ఊళ్ళో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టి, వాంతులకు ఇంజక్షన్లు చేశాడట. వాంతులాపే మందుల్లో కొన్ని క్యూటీని ఇంకాస్త సాగదీస్తాయి. సగం లెక్క అక్కడే తేలిపోయిందనుకున్నాం.

మా కార్డియాలజిస్టు నెమ్మదస్తుడు. ఎంత తొందర పనిలో ఉన్నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అడుగుతారు.

“మందు అలవాటుందా స్వామీ?”

స్వామి మొహం ఎర్రబడింది. “మాల మీదున్నోణ్ణి పట్టుకుని అదేంటండి డాక్టర్ గారూ!”

“మాలకి ముందు?”

“ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు వదిలేసేనండి. మా ఊళ్ళో చాలామంది చేత మానిపించింది కూడా నేనేనండి.”

“మంచిది. మరి మందులేం వాడుతున్నారు?”

“బీపీ బిళ్ళ ఒక్కటేనండి. పొద్దున్నే వేసేసుకుంటానండి.”

ఆయన అబద్ధం ఆడలేదు. మేం తప్పుగానూ అడగలేదు. మన తెలుగులో ఉన్న చిక్కే అది. తాగేదీ మందే, జబ్బు తగ్గించేదీ మందే. మళ్ళీ జబ్బులకు వేసుకునే వాటిల్లోనూ బీపీకీ షుగరుకీ వాడేవే మన పెద్దవాళ్ళ లెక్కలో మందులు. ఒళ్ళు నొప్పులకు వేసుకునేది ఉత్త బిళ్ళ. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పొటాషియం ఎక్కించడం మొదలుపెట్టాం. గుండె వేగం తగ్గించే మందు ఇచ్చాం. వాంతుల ఇంజక్షన్లు ఆపేశాం. అలా చేస్తే కుదుటపడాలి. కానీ ఆయన కుదుటపడడం లేదు. ఒక చోట ఉండలేక కాళ్ళు అటూ ఇటూ విసురుతున్నారు. ముక్కు, కళ్ళు కారుతున్నాయి. ఆపకుండా ఆవులింతలు. ఒళ్ళంతా చెమట, ఆ చెమటలోనే చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నేను ఒక్కొక్కటే అడుగుతుంటే, మంచం పక్కన నిలబడ్డ కుర్ర శిష్యస్వామి నాకు ఓపిగ్గా సమాధానాలు చెప్పాడు.

“తెల్లారకుండా కాలవలో చన్నీళ్ళ స్నానం కదండీ మాతా, వణుకు అందుకేనండి.”

“మరి ఆవులింతలు?”

“నిద్ర చాలదు కదండీ.”

“విరేచనాలు?”

“ఒంటిపూట భిక్ష కదండీ, పొట్ట తిరగబడి ఉంటుంది.”

ప్రతిదానికీ దీక్షలో ఒక కారణం దొరుకుతోంది. విడివిడిగా చూస్తే అన్నీ నిజమే అనిపిస్తాయి. అన్నీ కలిపి చూస్తే నాకు మింగుడు పడలేదు. ఇన్నేళ్ళలో ఎందరు స్వాముల్ని చూశాను! అందరూ చన్నీళ్ళు పోసుకునేవాళ్ళే. ఎవరికీ ఇలా కాలేదు.

అంతలో మానిటరు అరిచింది. కొబ్బరి తాడు పేనుతున్నట్టు గీత మెలికలు తిరిగిపోయింది. స్వామి కళ్ళు తేలేశారు. అది టోర్సాడ్స్ అనే లయ. క్యూటీ సాగినప్పుడు మేం దేనికి భయపడతామో సరిగ్గా అదే. అలాగే సాగితే గుండె ఆగిపోతుంది. డాక్టరు గారు పరుగున వచ్చారు, నేను మెగ్నీషియం ఎక్కించాను, షాక్ ఇవ్వడానికి ప్యాడ్లు సిద్ధం చేశాం. ఆ అవసరం లేకుండానే గీత విడివడి మళ్ళీ తన పాత పరుగులో పడింది. స్వామి కళ్ళు తెరిచి, మాల ఉందో లేదో తడుముకుని చూసుకున్నారు. ఈసారి వస్తే తిరిగి వెళ్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

“ఇది తాగుడు ఉన్నట్టుండి మానేసినవాళ్ళలా ఉంది సిస్టర్,” అన్నారు డాక్టరు గారు గొంతు తగ్గించి. “కానీ ఈయన తాగరు. ఆవిడ్ని ఒకసారి అడిగి చూడండి. ఆడవాళ్ళకైతే చెబుతారేమో.”

మంగాయమ్మ గారు బయట బల్ల మీద బిగుసుకుపోయి కూర్చున్నారు. ఆవిడదీ నర్సరీ పనే. అంటు కత్తి పట్టీ పట్టీ బొటనవేలు మీద చర్మం కాయకాసి ఉంది. పక్కన కూర్చుని తాగుడు గురించి అడిగితే ఆవిడకూ కోపం వచ్చింది. స్వామి అలాంటి మనిషి కాదంది. సరే, ఎదురుగా వెళ్ళే దారి లేనప్పుడు పక్కనుంచి వెళ్ళాలనిపించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఉపాయమేదీ లేదు, ఊరికే కుతూహలం కొద్దీ అడిగాను.

“అమ్మా, మాల వేసుకున్నాక స్వామి ఏమేం మానేశారు?”

ఆ ప్రశ్నకు ఆవిడ మొహం విప్పారింది. భర్త నిష్ఠ గురించి చెప్పుకోవడం ఎవరికి ఇష్టం ఉండదు? “అన్నీ మానేసేరండి. ఉల్లి, వెల్లుల్లి, మంచం, చెప్పులు, చుట్ట. ఈ ఏడైతే ఆకరికి ఆ నొప్పుల గొట్టం బిళ్ళలు కూడా మానేసేరండి.”

“గొట్టం బిళ్ళలా?”

“రెండు రంగులుంటాయి చూడండి, గొట్టంలో పొడి పోసి. మోకాళ్ళ నొప్పులకండి. ముందు ఎవరో డాక్టరు గారే రాసేరు. తరవాత్తరవాత మేమే కొనుక్కుంటన్నాం. ముందు రాత్రి పూటే వేసుకునేవోరు, అది ఆనక పూటపూటకీ అయింది. అవి పడితే గానీ లేచి పనిలోకెళ్ళలేరండి.”

“మరి కిందటేడు మాలలో ఉన్నప్పుడు?”

“వేసుకునేవోరండి. అది మందు కాదు కదా, బిళ్ళే కదాని. ఈ ఏడు ఆ కుర్రస్వామి ఫోన్లో చూసి చెప్పేడండి, ఆ గొట్టాన్ని పశువుల ఎముకలతో చేస్తారంట. అది విన్నారు, ఉన్న అట్టలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేసేరు. బీపీ బిళ్ళలో గొట్టం లేదు కదా, అది మట్టుకు వేసుకుంటన్నారు.”

నేను లేచిన వేగానికి ఆవిడ కంగారు పడింది. ఇంటి దగ్గరున్న వాళ్ళ కొడుకు చేత ఎక్కడో మిగిలిన పాత ఖాళీ అట్ట ఒకటి వెతికించి, ఫోనులో ఫోటో తెప్పించాం. ట్రమడాల్. ఓపియాయిడ్ అనే జాతిలో తేలికపాటి మందు. మన పెద్దవాళ్ళకు తెలిసిన నల్లమందుకు దూరపు చుట్టం. చెప్పినంతే వాడితే నొప్పికి మేలు చేస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ వాడితే ఒళ్ళు దానికి అలవాటు పడిపోతుంది. ఆ మనిషికి దాని మీద యావ ఉండనక్కర్లేదు, తనకు అలవాటైందని తెలియను కూడా తెలియదు. ఒక్కసారిగా ఆపేస్తే, ఇన్నాళ్ళూ అది అణిచి ఉంచిన నరాలన్నీ ఒక్కసారి విజృంభిస్తాయి. చెమట, ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు లేవడం, విరేచనాలు, గుండె దడ. దీన్నే విత్‌డ్రాయల్ అంటారు. వయసులో ఉన్నవాడు నాలుగు రోజులు నానా యాతనా పడి బయటపడతాడు. డెబ్భై దాటి, బీపీతో గోడలు మందమెక్కిన గుండెకు ఆ తాకిడి వేరు. విరేచనాల్లో పొటాషియం కొట్టుకుపోవడం, దాని మీద వాంతుల ఇంజక్షను, ఇన్ని కలిసి ఆ తాడును పేనాయి.

కారణం తెలిసిందని నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

“ముందు పొటాషియం సరిచేద్దాం స్వామీ,” అన్నారు డాక్టరు గారు. “గీత నిలకడ పడ్డాక, మీరు వేసుకునే నొప్పి బిళ్ళనే తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానిపిస్తాను. ఒక్కసారి మానేస్తే ఇదిగో, ఇలాగే అవుతుంది.”

స్వామి అన్నీ విని ఒకే ఒక్క మాట అడిగారు. “అది ఏ జాతి మందండి?”

డాక్టరు గారు దాచే మనిషి కాదు. చెప్పారు.

“నల్లమందా? మా చిన్నప్పుడు చంటిపిల్లలు ఏడవకుండా నాకించేవోరు, అదాండి?”

“దాని లాంటిదే. అంత ఘాటు కాదు.”

“అంటే మత్తే కదండీ.”

ఆయన మాలలోని పూసలు వేళ్ళతో తిప్పుతూ పైకి చూస్తూ పడుకున్నారు. “మత్తు ముట్టకూడదని ఒట్టేయించుకుని ఇంతమందికి మాల వేసేను. నేను మత్తు మింగి కూర్చుని వేసేనన్నమాట. వద్దండి. మాల మీదుండగా ఇంక ముట్టను. ఏదవుతే అదవుద్ది.”

డాక్టరు గారు నచ్చజెప్పారు. తెలియక జరిగింది తప్పు కాదన్నారు. మళ్ళీ ఆ లయ వస్తే మా చేతుల్లో ఉండకపోవచ్చని నిక్కచ్చిగా చెప్పారు. నేను బతిమాలాను. కొంచెం కసిరాను కూడా. ఆయన వినిపించుకోలేదు. మొండితనం కాదది, అవమానం. మా దగ్గర దానికి వైద్యం లేదు. కళ్ళెదుట దారి ఉండి కూడా ఈ మనిషి పోతాడేమోనని నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

మంగాయమ్మ గారిని లోపలికి పిలిచాను. సంగతంతా విని, ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. కాళ్ళ దగ్గర నిలబడి పనిలో మాట అడిగినట్టే అడిగింది.

“స్వామీ, మామిడంటు అతుక్కున్నాక తల్లి కొమ్మ నించి ఎలాగ తెంపుతారు?”

ఆయన కళ్ళు తిప్పి చూశారు. “ఇప్పుడెందుకు ఆ సంగతి?”

“చెప్పండి. ఒక్క గాటుకే తెంపేస్తారా?”

“ఒక్క గాటుకి ఎవడన్నా తెంపుతాడా? ముందు సగం గాటు పెట్టి ఒదిలేస్తాం. కొన్నాళ్ళాగి మిగతాది.”

“ఒక్కసారే తెంపేస్తే?”

“ఎండిపోద్ది.”

“ఎండిపోద్దని తెలుసు కదా,” అందావిడ. “మరి మీరేంటి చేసింది?”

అంటు కట్టడం నాకు తెలియదు గనుక ఆవిడ దేని గురించి మాట్లాడుతోందో పట్టుకోవడానికి నాకో నిమిషం పట్టింది. డాక్టరు గారు మాత్రం వెంటనే అందుకున్నారు. “అదే స్వామీ, నేను చెయ్యబోయేదీ అదే. సగం గాటు. పైగా గొట్టం లేకుండా ఉత్త బిళ్ళగా కూడా దొరుకుతుంది. నేను చూసి రాస్తాను.”

స్వామి భార్య వైపు చూసి తలూపారు. “సరేనండి. కానీ మా స్వాములకి మీరెవరూ చెప్పొద్దు. నేనే చెప్పుకుంటాను.”

పొటాషియం పైకొచ్చింది, క్యూటీ దగ్గరపడింది, ఆ తర్వాతే బిళ్ళ మొదలైంది. ఆవులింతలు ముందు తగ్గాయి. మర్నాడు పొద్దున నేను డ్యూటీలోకి వచ్చేసరికి మానిటరు మీద గీత బుద్ధిగా, సమానమైన దూరాల్లో నడుస్తోంది. నేను ఎవరూ చూడకుండా సిలువ గుర్తు వేసుకున్నాను. మోకాళ్ళకు వేరే వైద్యం, వ్యాయామాలు మొదలుపెట్టించారు. ఈ ఏడు కొండ ఎక్కడానికి వీల్లేదని డాక్టరు గారు చెబితే స్వామి వాదించలేదు.

వార్డుకు మార్చిన రోజు సాయంత్రం ఆయన శిష్యస్వాములందరూ వచ్చారు. అంతమందిని ఒకేసారి లోపలికి పంపకూడదు. ఆ రోజు నేను చూడనట్టు ఊరుకున్నాను. స్వామి దిండుకు ఆనుకుని కూర్చుని చేతులు జోడించారు.

“స్వాములూ, నేను మీ చేత మత్తు మానిపించేను. నాలో ఉన్న మత్తు నాకు తెలీలేదు. నొప్పి బిళ్ళ అనుకుని ఏళ్ళ తరబడి మింగింది అదే. ఇప్పుడు కూడా కొంచెం కొంచెం వేసుకుంటన్నాను, డాక్టరు గారు చెప్పినట్టు మెల్లిగా వదిలించుకోవాలి. ఇరుముడులు కట్టి పంపిస్తాను గానీ, నేను ఈ ఏడు కొండకి రాను. ఇంక మీదట నా చేత మాల వేయించుకోవాలో వద్దో మీ ఇష్టం.”

గొట్టం సంగతి చెప్పిన కుర్రస్వామి ఏడుపు మొహంతో “నా వల్లేగా స్వామీ ఇదంతా” అన్నాడు. “నీ వల్లే బయటపడింది, ఊరుకో” అన్నారాయన.

అందరూ వెళ్ళిపోయాక కారిడార్లో ఒక పెద్దస్వామి మిగిలిపోయాడు. లారీలకు మొక్కలు ఎత్తే మనిషట. గోడవారన నిలబడి నావైపు చూస్తున్నాడు, నేను చూస్తే తల తిప్పుకుంటున్నాడు. చివరికి దగ్గరికొచ్చి, నడుం దగ్గర పంచె ముడి విప్పి, ఒక అట్ట తీసి చూపించాడు. నాలుగు గొట్టాలు మిగిలి ఉన్నాయి.

“ఇయ్యేనాండి మాతా?”

“ఇవే స్వామీ. మీరూ మానేశారా?”

“ఆ ఎముకల మాట విని నిన్ననించండి. గుండె దడదడలాడతంది. ఇంట్లో కూడా చెప్పలేదండి.” వార్డు తలుపు వైపు చూస్తూ అన్నాడు. “గురుస్వామే చెప్పేసుకున్నాక ఇంక నాకు సిగ్గేంటండి.”

ఆయన్ని ఈసీజీ గదికి తీసుకెళ్ళాను. ఆ రోజు నుంచి పెద్ద వయసువాళ్ళు ఎవరు గుండె దడతో వచ్చినా, ఏం వాడుతున్నారని అడిగాక ఏం మానేశారని కూడా అడుగుతాను. మాల ఉన్నా లేకపోయినా అడుగుతాను. చాలామంది చెబుతారు, ఎందుకంటే మానేసినదాన్ని చెప్పుకోవడం అంత కష్టం కాదు. వాడుతున్నదాన్ని ఒప్పుకోవడమే కష్టం. వీర్రాజు స్వామి ఆ కష్టమైన పని మంచం మీద కూర్చుని, తనను గురువన్నవాళ్ళందరి ముందూ చేశారు. మేం ఆయన ఒక్కడి గుండెనే కుదుటపరిచాం. రెండో మనిషిని మా గదికి పంపింది ఆయనే.